జర ఆగున్రి

పోయిన వారం సుకన్యను ఎక్కడ నిలబెట్టి వచ్చామో గుర్తుంది కదా? పంజాగుట్టలో ఆయుర్‌రేఖ డయాగ్నస్టిక్స్ ఆఫీసు, నాలుగో అంతస్తు, సర్వర్ల గది. దయ్యాలు తిరిగే వేళేమీ కాదు. మధ్యాహ్నం, టిఫిన్ డబ్బాలు విప్పే వేళ. అప్పుడు తెరమీద ఒక పేరు వెలిగింది. రాకేశ్. ఆ పేరు పక్కన ఒక పచ్చ చుక్క, చుక్క పక్కన 'ఇప్పుడు పనిలో ఉన్నారు' అన్న ముక్క.

ఆ రాకేశ్ చనిపోయి నెలలు గడిచాయి. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం చూసి బండిమీద ఇంటికి వస్తూ లారీ కింద పడ్డాడు. సర్వర్ల గది బయట వరండాలో నిలబడి చూస్తే పంజాగుట్ట శ్మశానం గోడ కనిపిస్తుంది. ఆ గోడ వెనకే అతన్ని దహనం చేశారు. చితి అంటుకున్నప్పుడు సుకన్య అక్కడే ఉంది. కాబట్టి ఆ పేరు ఆ పూట పనిలో ఉండటానికి వీల్లేదని ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నగరంలో ఎక్కడ ఆయుర్‌రేఖ బోర్డు కింద సూది గుచ్చి రక్తం తీసినా, దాని ఫలితం ఈ గదిలోని సర్వర్లకే చేరుతుంది. ఇవి మొరాయిస్తే ఆస్పత్రుల్లో డాక్టర్లు రిపోర్టుల కోసం చేతులు కట్టుకుని కూర్చోవాలి. రాకేశ్ ఉన్నన్నాళ్లు ఇవి మొరాయించినా పెద్దగా ఎవరికీ తెలిసేది కాదు. అన్ని సెంటర్లలో, అన్ని తెరలమీద ఒకే మాట కనబడేది: 'జర ఆగున్రి.' తెలుగు మాటే, ఇంగ్లిష్ అక్షరాల్లో. మంచినీళ్లు తాగి వచ్చేలోగా అంతా సర్దుకునేది. అతను పోయాక కూడా ఆ మాట రావడం ఆగలేదు. ఏదో పాత ప్రోగ్రామ్ తనంతట తనే పంపుతోందని అందరూ సరిపెట్టుకున్నారు. రాకేశ్ దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు అతని కుర్చీలో కూర్చున్న సుకన్య కూడా అలాగే సరిపెట్టుకుంది, చిత్రగుప్తుడు వచ్చేదాకా.

చిత్రగుప్తుడంటే సాఫ్ట్‌వేర్. సర్వర్లను రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ ఒకటి కొనాలని యాజమాన్యం అనుకుంది. మూడింటిని వాడి చూసి ఒకదాన్ని ఎంచే పని సుకన్యమీద పడింది. వాటి అసలు పేర్లకు నోరు తిరగక మేనేజర్ రవికాంత్ ముద్దుపేర్లు పెట్టాడు. మొదటిది పచ్చదీపం. సర్వర్ బతికుంటే పచ్చరంగు, పోతే ఎర్రరంగు, అంతకుమించి ఏమీ చెప్పదు. రెండోది వసపిట్ట. సర్వర్‌కు కాస్త ఒళ్లు వేడెక్కినా, డిస్క్ కాస్త నిండినా ఫోన్‌కు మెసేజ్‌లమీద మెసేజ్‌లు కొట్టి ప్రాణం తీస్తుంది. కానీ పని బాగానే చేస్తుంది. మూడోది చిత్రగుప్తుడు. సర్వర్ ఎలా ఉందో చెప్పి ఊరుకోదు. లోపల ఎవరున్నారు, ఎక్కడినుంచి వచ్చారు, ఏం టైప్ చేశారు, అన్నీ చెబుతుంది. దాన్ని కొంటే పాత లాగిన్‌లన్నీ మూతపడతాయి. కొత్తగా పేరు ఎక్కించుకున్నవాళ్లే లోపలికి రాగలరు.

దాన్ని ఆ పొద్దునే ఎక్కించారు. అన్నం వేళకల్లా అది చచ్చిపోయిన మనిషిని పట్టుకుంది.

"ఏంటండీ సుకన్య గారూ ఇది?" అన్నాడు వెనకనుంచి రవికాంత్. తాడేపల్లిగూడెం మనిషి. హైదరాబాద్‌లో తల నెరిసింది గాని యాస మాత్రం చెక్కుచెదరలేదు.

"నాకు సుత సమజైతలేదు సార్."

ఇద్దరూ చూస్తుండగానే తెరమీద 'జర ఆగున్రి' అని వచ్చింది. ఆ వెంటనే ఒక్కో ఆదేశం టైప్ కావడం మొదలైంది. తొందర లేదు, తడబాటు లేదు. ముందు ఏ సర్వీస్ నిలిచిపోయిందో వెతికారు. దొరికాక దాన్నొక్కదాన్నే ఆపి మళ్లీ నడిపించారు. మిగతావాటి జోలికి పోలేదు. అచ్చం రాకేశ్ పద్ధతి. "ఒక్క పోగు తెగిందని బట్టంత కోసి పారేస్తమా సుకన్యా? తెగిన పోగు యాడున్నదో దేవులాడు. ముడెయ్యి. మల్ల నడిపియ్యి." అతను చెప్పిన మొదటి పాఠం అది. ఆ పాఠం ఇప్పుడు తెరమీద దానంతటదే నడుస్తోంది.

"అతని పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"అన్నకే."

"అన్న లేడు కదండీ."

సుకన్య ఆ పేరుమీద మౌస్ పెట్టి నొక్కింది.

"చూడండి, నేను మిమ్మల్ని అనట్లేదు" అన్నాడు రవికాంత్, అంటూనే. "పేషెంట్ల రిపోర్టులుండే చోటిది. చనిపోయిన మనిషి పేరు పెట్టుకుని ఎవరో లోపల తిరుగుతున్నారంటే, రేపు పోలీసులొచ్చి మొదట ఎవర్ని అడుగుతారు? అతని పక్కన కూర్చుని పని నేర్చుకున్నది మీరు. ఈ గది తాళంచెవి ఉన్నది మీ దగ్గర. రెండోది రాకేశ్ బండితోపాటే పోయింది. మీరే ఆలోచించండి."

"నేను చేసుంటే మీకు చూపెడ్తనా సార్ గిది?"

"అదే నేనూ అంటాను. కానీ ఛైర్మన్ గారు అడుగుతారు. సాయంత్రం ఆయనకు మెయిల్ వెళ్లాలి. ఏ సాఫ్ట్‌వేర్ కొంటున్నామో రాయండి. ఈ పేరు వెనక ఎవరున్నారో కూడా రాయండి. అది రాయకపోతే నేను మీ పేరు రాయాల్సొస్తుంది. తప్పుగా అనుకోవద్దు."

తప్పుగా అనుకోవద్దని బతిమాలుతూ మెడమీద కత్తి పెట్టే మర్యాద ఆఫీసుల్లోనే చూస్తాం. సుకన్యకు ఒళ్లు మండింది. కానీ అప్పుడే తెర అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస ఆమె కంటపడింది. లోపలికి వచ్చిన మనిషి ఎక్కడినుంచి వచ్చాడో చెప్పే వరుస. 'నవతంత్ర ఇన్‌స్టిట్యూట్, అమీర్‌పేట.' కళ్లజోడు టేబుల్‌మీద మర్చిపోయి వచ్చిన రవికాంత్‌కు అది కనబడలేదు.

చూపిస్తే అయిపోయేది. ఆమె చూపించలేదు. ఎందుకని అడిగితే సుకన్య కూడా సరిగ్గా చెప్పలేదేమో. ఆ గదిలో అన్నీ నేర్పిన మనిషి పేరుమీద ఎవరున్నారో, దయ్యమే అయినా సరే, ముందు తను చూడాలనుకుంది.

"అన్నం తినొస్త సార్" అని గదికి తాళం వేసి, తాళంచెవి హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసి, జిప్ లాగి మెట్లు దిగింది.

కింద రిసెప్షన్‌లో సంగీత కూర్చుని ఉంది. రాకేశ్ భార్య. సర్వర్లను కంటికి రెప్పలా కాపాడినవాడని, అతని సేవకు గుర్తుగా కంపెనీ ఆమెకు ఆ ఉద్యోగం ఇచ్చింది. సుకన్యను చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"అక్కా, ఇప్పుడే వచ్చింది చూడు."

ఆమె ముందున్న తెరమీద ఇంకా ఆ మాట ఉంది. జర ఆగున్రి. తెర అంచున, మూలకు, చిన్న కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఇన్నాళ్లూ అక్కడ నిలబడి మాట్లాడుతూ కూడా సుకన్య ఆ బొట్టును గమనించలేదు.

"నిన్నంత రాలే. జర పరేశానైన" అంది సంగీత. ఎవరూ చూడటం లేదని అటూ ఇటూ చూసుకుని, రెండు వేళ్లతో తెరను తాకి కళ్లకద్దుకుంది. "ప్రోగ్రామ్ అంటరు గని అక్కా, గది ప్రోగ్రామ్ కాదు. యాడికి పోలేడు ఆయన. ఈడనే ఉన్నడు. నాకు ఎరుకైతది."

సుకన్య ఆ కుంకుమ బొట్టువంకే చూసింది. చిత్రగుప్తుడిని కొంటే ఆ మాట ఇక ఎప్పటికీ రాదు. ఆ సంగతి ఈ మనిషికి ఎవరు చెప్పాలి?

"ఏమైంది అక్కా, గట్లున్నవు?"

"ఏం లేదు. ఎండ" అని బయటపడింది.

మెట్రోలో ఒక్క స్టేషనే. అమీర్‌పేటలో దిగిందో లేదో చేతిలో పాంప్లెట్లు పడ్డాయి. ఈ ఊళ్లో పాడె మోస్తున్నవాడి చేతిలోనైనా సరే ఒక డెమో క్లాసు పాంప్లెట్ పెట్టి గాని పంపరు. నేర్చుకోవలసిన కోర్సులన్నీ ఫ్లెక్సీలమీద ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. హాస్టల్ బోర్డుల మధ్య, బజ్జీల బండి వెనక, ఒక బ్యాగుల దుకాణం పక్క సందులో మెట్లున్నాయి. నవతంత్ర పైన ఉంది. మెట్లమీద లైటు లేదు. గోడకు చెయ్యి ఆనించుకుని ఎక్కుతుంటే పైనుంచి పాఠం చెబుతున్న గొంతు వినిపించింది.

"గట్ల మొత్తం మిషన్‌నే రీస్టార్ట్ కొట్టుడు కాదు. ఒక్క పోగు తెగిందని బట్టంత కోసి పారేస్తమా? తెగిన పోగు యాడున్నదో దేవులాడున్రి. ముడెయ్యున్రి. మల్ల నడిపియ్యున్రి."

సుకన్య ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

మాటలు రాకేశ్‌వి. ఆ విరుపు రాకేశ్‌ది. 'దేవులాడున్రి' తర్వాత కాస్త ఆగి ఊపిరి తీసుకోవడం కూడా అతనిదే. గొంతు మాత్రం ఆడమనిషిది. పోయినవాళ్లు ఎవరి ఒంటిమీదికో వచ్చి మాట్లాడతారని బల్కంపేటలో చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పినవన్నీ ఒక్కసారిగా ముసురుకున్నాయి. పట్టపగలు, కిందనుంచి బజ్జీల నూనె వాసన వస్తుండగా, చదువుకున్న సుకన్య మెట్టుమీద నిలబడి ఎల్లమ్మకు మొక్కుకుంది. అప్పుడే ఇంకో సంగతి తట్టింది. రాకేశ్‌ది పొలం పనులు చేసుకునే ఇల్లు. వాళ్ల వంశంలో మగ్గం ముఖం చూసినవాళ్లు లేరు. మరి అతని నోట ఎప్పుడూ ఆ పోగులూ ముడులూ ఎక్కడినుంచి వచ్చేవి? ఇన్నేళ్లలో ఒక్కసారీ తను అడగలేదు.

క్లాసు అయిపోయి పిల్లలు బ్యాగులు తగిలించుకుని దిగిపోయారు. లోపల బోర్డు తుడుస్తూ ఒకామె నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. కళ్లద్దాలు, మెడలో ఇన్‌స్టిట్యూట్ ట్యాగు, ట్యాగుమీద ప్రమోద అన్న పేరు. టేబుల్‌మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో కనబడుతున్నది ఆయుర్‌రేఖ సర్వరే. దూరంనుంచి చూసినా సుకన్య దాన్ని గుర్తుపట్టగలదు.

"డెమో క్లాసుకు పేరు కింద రాపియ్యాలె" అంది ప్రమోద తిరగకుండానే.

"రాకేశ్ కోసం వచ్చిన."

బోర్డుమీద ఆమె చెయ్యి ఆగింది. తిరిగి సుకన్యను పైనుంచి కిందిదాకా చూసింది. భయపడలేదు. రావలసిన చుట్టం ఆలస్యంగా వచ్చినట్టు చూసింది.

"నువ్వు సుకన్యవు గదా?"

"నేను నీకెట్ల ఎరుక?"

"మనిషిని ఇప్పుడే చూస్తున్న. నీ చేతులు మాత్రం మస్తు దినాలసంది ఎరుకే. ఫోల్డర్ పేరు కొట్టేటప్పుడు ఎప్పటికీ ఒక అక్షరం తప్పు కొడ్తవు. తుడిపి మల్ల కొడ్తవు. కోపమొస్తె ఎంటర్ రెండుసార్లు కొడ్తవు. నేను ఇటుదిక్కు చూసుకుంట కూసుంట." ఆమె నవ్వబోయింది. "ఒకనాడు 'అన్నా యాడున్నవు' అని కొట్టి తుడిపినవు. రాకేశ్ సీట్ల లేడేమో, చాయ్ తాగవోయిండేమో అనుకున్న."

అది రాకేశ్ దినకర్మ మర్నాడు. గదిలో ఒంటరిగా కూర్చుని, ఏడుపు ఆపుకోలేక, ఎవరికీ పోని ఆ ముక్క టైప్ చేసి తుడిపేసింది. ఆ గదిలో అప్పుడు తను ఒక్కతే ఉన్నాననుకుంది.

"ఆయన పంపిండా నిన్ను?" ప్రమోద గొంతులో నిష్ఠూరం వినబడింది. "ఇన్ని దినాలకు యాదికొచ్చిన్నా? ఒక్క మాట అన్నందుకు గింత కోపమా? ఫోన్ లేదు, మెసేజ్ లేదు. నేను కొడ్తె ఎత్తడు. అయినా పని ఆపిన్నా నేను? అడుగు ఆయన్ని."

తెలియదు ఈమెకు. సుకన్యకు అప్పుడర్థమైంది. ఇందాకటిదాకా ఉన్న భయం పోయి, ఆ స్థానంలో ఇంకేదో వచ్చి కూర్చుంది.

"అక్కా, రాకేశన్న లేడు."

"లేడంటె? నౌకరి మారిండా?"

"సచ్చిపోయిండు. ఎల్లమ్మ కల్యాణం నాడు. యాక్సిడెంట్ల."

ప్రమోద డస్టర్‌ను బోర్డు అంచుమీద జాగ్రత్తగా పెట్టింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. అప్పుడు అంది: "మరి గిన్నొద్దులు నేను ఎవల కోసం చేస్తున్న?"

దీన్ని అమీర్‌పేటలో జాబ్ సపోర్ట్ అంటారు. పేరు ఒకరిది, మెడలో ఐడీ కార్డు ఒకరిది, తల ఇంకొకరిది. ఇంటర్వ్యూలో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒకరు కూర్చుంటే జవాబులు ఇంకెక్కడినుంచో వస్తాయి. ఉద్యోగం వచ్చాక పని కూడా అక్కడినుంచే వస్తుంది. ఈ సందుల్లో అది వినని చెవి లేదు. కానీ తన పక్క కుర్చీలో కూర్చున్న మనిషి అలాంటివాడని సుకన్య కలలో కూడా అనుకోలేదు.

రాకేశ్ ఈ గదిలోనే ప్రమోద దగ్గర చదువుకున్నాడు. ఆయుర్‌రేఖ ఇంటర్వ్యూలో అతని చెవిలో మాట్లాడింది ప్రమోదే. ఉద్యోగం వచ్చిన మొదటివారం సర్వర్ నిలిచిపోతే వణుకుతూ ఫోన్ చేశాడు. ఆమె లోపలికి వచ్చి బాగుచేసింది. ఆ తర్వాత బయటికి వెళ్లనే లేదు. సర్వర్ మొరాయిస్తే తన ఫోన్ మోగేలా చిన్న ప్రోగ్రామ్ కూడా తనే రాసుకుంది.

"మూడు సాఫ్ట్‌వేర్‌లు ఎక్కించి చూస్తున్రు గదా. నాకు కనబడ్డయి" అంది ప్రమోద. "ఇన్నేండ్లు మీకు నాలుగోది ఉండె. మీకే తెల్వదు."

"నువ్వే ఎందుకు నౌకరి చెయ్యలే మరి?"

"పెండ్లైనంక మధ్యల కొన్నేండ్లు ఇంట్ల కూసున్న. ఎక్కడికి పోయినా గా ఏండ్లు ఏం చేసినవని అడుగుడే. సిరిసిల్లల మా నాయిన మగ్గాలమీద పనిచేసేటోడు. బట్ట నేసింది ఆయన, మీద పడే ముద్ర సేటుది. నాది సుత గంతే అయింది." మెడలో ట్యాగును సర్దుకుంది. "ఆఖరుసారి మాట్లాడినప్పుడు అడిగిన. 'ఒక్కసారి నన్ను తోలుకపో. ఈమె నాకు నేర్పిందని చెప్పు. చిన్న నౌకరి ఇప్పియ్యి' అన్న. ఏం అనలే. ఫోన్ పెట్టేసిండు. గంతే."

సుకన్య మనసులో పాత దృశ్యాలు వరసగా తిరగబడుతున్నాయి. తనేదైనా అడిగితే రాకేశ్ అనేవాడు, "సుకన్యా, జర ఆగు." చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మెట్ల దగ్గరికి పోయేవాడు. వచ్చి చక్కగా అర్థమయ్యేలా చెప్పేవాడు. ఎంత పద్ధతైన మనిషి, ఆలోచించి గాని నోరు విప్పడు అనుకునేది తను. ఆ 'జర ఆగు' ఆలోచన కోసం కాదు. ఆ కాస్సేపట్లో అతను ఈ గదికి ఫోన్ చేసేవాడు. తను దండం పెట్టుకున్న గురువు నోరు రాకేశ్‌ది, మాట ప్రమోదది. సుకన్యకు కోపం ముంచుకొచ్చింది. చనిపోయినవాడిమీద వచ్చే కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఆమెకు ఏడుపొచ్చింది.

"నన్నెందుకు మోసం చేసిండక్కా?"

"నిన్నొక్కదాన్నేనా?" అంది ప్రమోద.

కింద ఎవడో మైకులో కోర్సుల పేర్లు చదువుతున్నాడు.

సుకన్య ముఖం తుడుచుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. సాయంత్రం మెయిల్, రవికాంత్ మాట, మూడు సాఫ్ట్‌వేర్‌లకూ అతను పెట్టిన ముద్దుపేర్లు, పోలీసులు. ప్రమోద వింటూ తల ఊపింది.

"నన్నడిగితె చిత్రగుప్తుడినే కొనున్రి" అంది.

"నీ తొవ్వ మూతపడ్తది అక్కా."

"పడాలె. పేషెంట్ల రిపోర్టులున్న కాడ ఎవలు తిరుగుతున్రో తెల్వాలె. నాలాంటోళ్లను ఆపాలె. పచ్చదీపం దండగ. మిషన్ బతికుండి పని సచ్చినా అది పచ్చగనే చూపెడ్తది. వసపిట్ట మంచిదే, ఎవలని మాత్రం చెప్పదు." ఆమె ముందుకు వంగింది. కళ్లలో దీనంగా ఒక ఆశ. "మూడోది కొని అండ్ల నా పేరు ఎక్కియ్యి. రాకేశ్ పేరు కొట్టెయ్యి. పోలీసులు వస్తె రానీ. గా సర్వర్లు నావి సుకన్యా. ఒక్కసారన్న నా పేరుతోని లోపలికి వస్త."

అదీ న్యాయమే. సుకన్యకు అడ్డం చెప్పడానికి ఏమీ దొరకలేదు. పైగా ఈ ఒక్క పేరు మెయిల్‌లో రాస్తే చాలు, తనమీద అనుమానం తొలగిపోతుంది. ఫోన్ తీసింది. టైప్ చేయబోయి ఆగి, సంగీత సంగతి చెప్పింది. భర్త సేవకు గుర్తుగా వచ్చిన ఉద్యోగం సంగతి చెప్పింది. తెర మూల కుంకుమ బొట్టు, రెండు వేళ్లు కళ్లకద్దుకోవడం, 'యాడికి పోలేడు ఆయన' అన్న మాట.

ప్రమోద ముఖం మెల్లగా మారిపోయింది.

"నేను కొట్టినదానికి... ఆమె మొక్కుతదా?"

"దినాము."

ప్రమోద రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటివంకే చూసుకుంటూ ఉండిపోయింది. ఎవరో తాకిన చేతుల్లా వాటిని తిప్పి చూసుకుంది.

"అయితె వద్దు" అంది చివరికి. "వసపిట్టనే కొను. నా పేరు లేకపోతె ఏమైతది, ఇన్నేండ్లు లేదు. ఆమె దేవున్ని నేనెందుకు గుంజుకోవాలె?"

"అక్కా..."

"పాత ప్రోగ్రామ్ అని రాసెయ్యి. నడుస్తది."

నడవదని ఇద్దరికీ తెలుసు. రవికాంత్ ఒప్పుకోడు. మాట పడేది సుకన్యే. అయినా ఆమె కళ్లనీళ్లు తుడుచుకుని ఫోన్‌లో రాసింది: రెండో సాఫ్ట్‌వేర్ కొందాం, రాకేశ్ పేరుతో వస్తున్నది పాత ప్రోగ్రామ్ మాత్రమే. మోసగాడి పేరు, మంచివాడి పేరు, ఏదైతేనేం, అతని పేరు అలాగే ఉండనిద్దామనుకుంది. పంపడానికి వేలు ఎత్తింది.

టేబుల్‌మీద ల్యాప్‌టాప్ చిన్నగా కూసింది. తెరమీద ఒక వరుస వచ్చింది.

'సుకన్యా, జర ఆగు.'

సుకన్య వేలు గాలిలోనే నిలిచిపోయింది.

"ఎందుకక్కా గిట్ల? నోటితోని చెప్తె ఆగకపోదునా?"

ప్రమోద తెరవంక చూసింది. ఆమె రెండు చేతులూ కొంగులో ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కు ఆమె కుర్చీ దూరంగా ఉంది.

"నేను కొట్టలే" అంది. "నేను పదిమందికి పంపేది. 'ఆగున్రి' అనే కొడ్త. 'ఆగు' అని ఎన్నడు కొట్టలే. ఎవల్నీ పేరు పెట్టి పిలవలే."

తనను అలా పిలిచిన మనిషి ఒక్కడే. నోటితో, ఎదురుగా నిలబడి, ఇయర్‌ఫోన్ పెట్టుకోబోతూ. ఆ మాట ప్రమోదకు కూడా తెలియదు. సుకన్య ఫోన్‌లో చిత్రగుప్తుడిని తెరిచింది. రాకేశ్ పేరు ఉంది. పక్కన పచ్చ చుక్క ఉంది. దాని కింద మళ్లీ రాకేశ్ పేరు, ఇంకో పచ్చ చుక్క. మొదటిది నవతంత్ర ఇన్‌స్టిట్యూట్, అమీర్‌పేట. రెండోది బయటినుంచి కాదు. పంజాగుట్ట, నాలుగో అంతస్తు, సర్వర్ల గది, లోపలి కీబోర్డు.

ఆమె బ్యాగ్ జిప్ లాగి లోపల తడిమింది. తాళంచెవి అక్కడే ఉంది.

అంతలో ఫోన్ మోగింది. సంగీత. ఎత్తగానే ఆమె గొంతు, ఇందాకటి గొంతు కాదు, వెక్కిళ్లమధ్య నలిగిపోతూ వినిపించింది.

"అక్కా, ఇయ్యాల ఆయన నీ పేరు పెట్టి పిలిచిండు. నేను దినాము గీడనే కూసున్న గదా, నన్ను ఒక్కనాడన్న పిలవలే. నిన్నెందుకు పిలుస్తున్నడక్కా?"